ఏడో నంబర్ బల్ల

సోమవారం నుంచి శనివారం దాకా నేను సర్వే ఆఫీసుల చైన్‌మన్‌ను.
గెట్టు రాయి జరిగిందంటే గొలుసు పట్టుకొని పోత.
అన్న పొలంలకు తమ్ముని కంది సాలు రెండు జానలు దాటితే
గా రెండు జానల కోసం
తల్లి సావుకు గూడ ఒక్క కాడ నిలబడనోళ్లను చూసిన.

ఆదివారం మాత్రం
మెడల ఆర్బిటర్ బిళ్ల ఏసుకుంట.
అరవై నాలుగు మడులు. ఏ మడీ ఎవ్వని పేర లేదు,
పాసుబుక్కు లేదు, శిస్తు లేదు, ఎవ్వడన్న దున్నుకోవచ్చు.
గందుకే ఒప్పుకున్న ఈ పని, సుకం అనుకొని.

మిర్యాలగూడ, బైపాస్ రోడ్డు మీది ఫంక్షన్ హాలు.
రాత్రి పెండ్లయిన వాసన ఇంక పోలే.
బల్లల కింద బంతిపూల రెక్కలు,
స్టేజి మీది పెండ్లి కుర్చీలల్ల గెలుపు కప్పులు కూసున్నయి.
కిటికీలకెల్లి మిల్లుల ఊక దుమ్ము
నల్ల గడుల మీద సన్నగ పడుతున్నది.

నాలుగో రౌండు. ఏడో నంబర్ బల్ల కాడ చెయ్యి లేసింది.
నేనావత్ కావేరి. తొమ్మిదో తరగతి, దేవరకొండ అవుతల తండా.
"సార్, గుర్రాన్ని ముట్టిండు. ముట్టి, ఇడిసిపెట్టి, ఏనుగును జరుపుతుండు."
ఎదురుంగ గుండగోని విహాన్. కొత్త బూట్లు, నున్నటి దువ్వుడు.
"ముట్టలే సార్. ఫ్యాను గాలికి ఊగింది. అంగీ తాకిందో ఏమో."

గడియారం ఆపిన.
రెండు దిక్కుల అంకెలు బిగుసుకపోయినయి.
నేను గప్పుడు రెండో నంబర్ బల్ల కాడ
ముక్కుల నెత్తురు కారుతున్న పోరనికి దూది పెడుతున్న.
చూడలే.
పక్క బల్లలోళ్లను అడిగిన. తలకాయలు ఇంక కిందికి దించిండ్రు,
వాళ్ల రాజుల గోస వాళ్లది.

పొలం కాడైతే రాయి పీకి చూస్తం:
పాత రాయి కింద బొగ్గు పోసి ఉంటది,
నిన్న పాతిన దాని కింద మట్టి పచ్చిగుంటది.
ముట్టిన వేలును ఏడ తవ్వాలె?
గుర్రం మెడ మీద ఏ గుర్తూ లేదు,
ప్లాస్టిక్ జూలు, మెరుస్తున్నది.

సాక్ష్యం లేకుంటే ముట్టనట్టే. రూలు గదే.
"ఆడుండ్రి" అన్న.
ఒక్క మాట. ఎండకాలం దుక్కిల గొలుసు ఈడ్చినంత బరువు.

కావేరి ఏడ్వలే. కాయితం మీద ఎత్తు రాసుకున్నది,
పెన్సిలు ముల్లు ఇరిగేటట్టు.
అద్దాల తలుపు అవుతల ఆమె నాయిన,
ఆటో తాళంచెవి వేలికి తిప్పుకుంట
నా పెదవులు చదువుతుండు.

గప్పటి సంది నేను ఆ బల్లను ఇడువలే.
పోరడు రెండు చేతులు తొడల కింద పెట్టుకొని
వాటి మీద కూసున్నడు, కోళ్లను గంప కింద మూసినట్టు.
అంత ఆలోచించినంక ఒక్కటి బయిటికి తీసి,
కాలే పెనం మీది జొన్నరొట్టెను తిప్పినట్టు
బంటును జరిపి,
మల్ల కిందికి.
ప్రతి ఎత్తుకు గట్లనే. మూడు రౌండ్ల నుంచి గట్ల కూసోలే వాడు.
గిది నా రిపోర్టుల ఏ కాలంల రాయాలె?

ముప్పై ఎనిమిదో ఎత్తుకు కావేరి ఓడింది.
చెయ్యి కలిపింది. సంతకం పెట్టింది.
నా ముంగటికి వచ్చింది.
"సార్, మీరు చూసుంటే?"
"గుర్రమే ఆడాలె అందును బిడ్డా."
"నేను చూసిన గద సార్."
ఐదో రౌండు జతల కాయితం అతికియ్యాలె.
గమ్ము డబ్బా చేతులనే ఉన్నది,
జేబులల్ల ఎతుక్కున్న.

పొద్దుగూకే యాళ్లకు అందరు పోయిండ్రు.
సప్లై కంపెనోడు కుర్చీలు మడుస్తుండు.
గదే గుర్రాన్ని గదే గడిల నిలబెట్టిన.
అడుగున అంటిచ్చిన పచ్చగుడ్డ ఒక మూలకు ఊడింది,
కొంచెం కుంటుతది.
ఫ్యాను ఐదు మీద పెట్టి
కుర్చీ జరుపుకొని కూసున్న, చేతులు తొడల కింద పెట్టుకొని.

ఊగిందా, నా కండ్లే ఊగినయా అని
వంగి చూసేలోపట
కరెంటు పోయింది.

చీకట్లకెల్లి వాచ్‌మన్ కేకేస్తుండు:
"సైదులన్నా, తాళం ఎయ్యాలె.
ఇంక ఎవలన్న ఉన్నరా లోపట?"